అత్తగారి మౌనంపై సర్వహక్కులు

"ఇకమీదట ఈ దేశంలో ఒక్క దొంగ పువ్వు కూడా అడుగుపెట్టదు!" అని మొక్కల హక్కుల మంత్రి ఇనుబుషిగారు టోక్యోలో ప్రకటించారు.

ఆ మాట అనేటప్పుడు ఆయన చేతిలో ఒక తెల్లచామంతి ఉంది. వెనకాల గోడ నిండా తెల్లచామంతులే. వాటి నడుమ నల్లకోటు వేసుకుని చల్లగా నవ్వుతున్న మంత్రిగారి నిలువెత్తు ఫొటో. ఈ దేశంలో తెల్లచామంతుల మధ్య ఫొటో పెట్టేది మనిషి పోయినప్పుడే. అందుకని కాస్త పెద్దవయసు విలేఖరులు గుమ్మంలోనే ఆగి, చేతులు జోడించి, తలొంచి, కళ్లు తుడుచుకుని లోపలికొచ్చారు. మైకు ముందు మంత్రిగారు దగ్గుతూ కనిపించేసరికి గతుక్కుమని కుర్చీల్లో కూలబడ్డారు. మంత్రిగారు మాత్రం ఆ నమస్కారాలన్నీ హుందాగా స్వీకరించారు. గౌరవం ఏ కారణంగా వచ్చినా కాదనే అలవాటు ఆయనకి లేదు.

ఆ ఫొటో ఆలోచన తనది కాదని ఆయన కార్యదర్శి మోమోసే ఇంటికెళ్లాక భార్యకి చెప్పుకున్నాడు. ఆవిడ అడక్కుండానే చెప్పుకున్నాడు.

ప్రకటన వెనకున్న కథ ఇది. అత్సుమి అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఉసుయి అనే పెద్దాయన ఒక కొత్తరకం తెల్లచామంతిని పుట్టించారు. ఉసుయిగారు ఇల్లరికపు అల్లుడు. పెళ్లయిన నాటినుంచీ అత్తగారితో ఒకే కప్పు కింద కాపురం. ఆవిడ మాట్లాడేది తక్కువ. అల్లుడు పింగాణీ గిన్నె పగలగొట్టినా మాట్లాడేది కాదు, తాగి తప్పు గుమ్మంలో చెప్పులు విప్పినా మాట్లాడేది కాదు. తెల్లగా, నిటారుగా, కదలకుండా కూర్చుని చూసేది, అంతే. ఆవిడ పోయాక ఉసుయిగారు ఏళ్ల తరబడి ఆ మొక్కా ఈ మొక్కా కలిపి, చివరికొక పువ్వు పూయించారు. తెల్లగా, నిటారుగా, వారాలకొద్దీ వాడకుండా ఉండే పువ్వు. దానికి 'అత్తగారి మౌనం' అని పేరు పెట్టారు. "ఇదేం పేరండీ, పువ్వుకీ పేరుకీ పొంతన ఏది?" అని రిజిస్ట్రేషన్ ఆఫీసరు అడిగితే, "మీకు పెళ్లయిందా బాబూ?" అని అడిగారట. ఆఫీసరు మారుమాట్లాడకుండా ముద్ర వేశాడు. అప్పట్నుంచీ ఆ పువ్వు మీద సర్వహక్కులూ ఉసుయిగారివే.

హక్కులు ఆయన దగ్గరున్నాయి గానీ, పువ్వు మాత్రం దేశం దాటిపోయింది. ఎలా పోయిందో, ఎవరు పట్టుకెళ్లారో ఎవరికీ తెలీదు. దక్షిణాన ఎక్కడో కొండల మీద ఎకరాలకొద్దీ పెరిగి, పెట్టెల్లో ఓడెక్కి, 'విదేశీ తెలుపు' అన్న చీటీ అంటించుకుని తిరిగి ఈ దేశానికే వచ్చేసింది. హిగన్ వారం, అంటే శరత్కాలంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, జనమంతా పెద్దల సమాధుల దగ్గరికి చామంతులు పట్టుకెళ్తారు. నిరుడు ఆ వారం ఉసుయిగారు శ్మశానంలో ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచి, ఇంటికొచ్చి చాపమీద చతికిలబడ్డారు.

"వరసంతా నా పువ్వే అల్లుడూ! ఒక్కదాని మీదైనా మా అత్తగారి పేరు లేదు. ఈ ఏడు మన తోటలో పువ్వు మన పేరుతో ఆవిడ సమాధి మీద నిలబడాలి. నిలబడలేదా, మొక్కలన్నీ పీకి పారేసి క్యాబేజీ వేస్తా. ఇదే నా ఆఖరి మాట."

ఆ అల్లుడే మన మోమోసే. మామగారి గోడు మంత్రిగారి చెవిన వేసింది అతనే. అందులో మామగారి మీద ప్రేమ ఉంది, కాదనం. వచ్చే వసంతంలో ప్రాంతీయ శాసనసభ టికెట్టు మీద ప్రేమా ఉంది. టికెట్టు గురించి మంత్రిగారు ఇంతకుముందే హామీ ఇచ్చారు. "చూద్దాం మోమోసే" అన్నారు. మంత్రిగారు అందరితోనూ "చూద్దాం" అనే అంటారు, కానీ చివర పేరు కలపడం మోమోసే విషయంలోనే జరిగింది.

ప్రకటన చేసి ఊరుకునే మనిషి కాదు గనక, ఆగస్టు మొదట్లో మంత్రిగారు టీవీ వాళ్లని వెంటబెట్టుకుని అత్సుమికి తరలివచ్చారు. పూలరైతుల సంఘం అధ్యక్షుడు తకెవాకి ఆఫీసు గోడ మీదున్న పాత ఫొటో చూపించి పొంగిపోయాడు. "గుర్తుందాండీ? మీరు మామూలు ఎంపీగా ఉన్నప్పుడు మా పూల ప్రదర్శనకొచ్చారు. 'అత్తగారి మౌనం' మొదటి కుండీ మీ చేతుల్లోనే పెట్టాం."

"గుర్తులేకేం!" అన్నారు మంత్రిగారు. గోడ మీద ఆయన ఫొటో ఏది కనిపించినా గుర్తుపట్టడం ఆయన ప్రత్యేకత.

సాయంత్రానికి ఉసుయిగారి గాజుషెడ్డుకి చేరారు. లోపల వరసగా బల్బులు వెలుగుతున్నాయి. ఈ ఊళ్లో చామంతి సాగు కిటుకంతా ఆ బల్బుల్లోనే ఉంది. రాత్రి పొడుగైతే తప్ప చామంతికి మొగ్గ తొడగాలన్న బుద్ధి పుట్టదు. అందుకని రైతులు రాత్రిపూట దీపాలు వెలిగించి, 'ఇంకా ఎండాకాలమేనమ్మా, తొందరేం లేదు, పెరుగు' అని దాన్ని నమ్మిస్తారు. పండగ ఏడు వారాలుందనగా దీపాలు ఆర్పేస్తారు. అప్పుడది అయ్యో అనుకుని, హడావిడిగా మొగ్గ వేసి, సరిగ్గా పండక్కి పూస్తుంది. ఇది అత్సుమిలో పళ్లు రాని పిల్లలకి కూడా తెలుసు.

మంత్రిగారు టోక్యోలో పుట్టారు.

"ఆహా!" అన్నారాయన, గుండె మీద చెయ్యి వేసుకుని. "ఇవి దీపాలా? కావు! మేలుకుని కాపలా కాస్తున్న రైతు కళ్లు! పెద్దాయనా, ఇవి ఎంతకాలం వెలుగుతాయి?"

"ఎల్లుండి ఆర్పేస్తామండీ" అన్నారు ఉసుయిగారు.

మంత్రిగారి మొహం వాడిపోయింది. "ఆర్పేస్తారా? బయట దొంగలు తిరుగుతుంటే ఇంట్లో దీపం ఆర్పేస్తారా?"

"అయ్యా, ఆర్పితేనే గదా పువ్వు..."

మోమోసే చటుక్కున మధ్యకొచ్చాడు. టీవీ కెమెరా తిరుగుతోంది. మంత్రిగారి మాటని కెమెరా ముందు సరిదిద్దిన వాడికి ఈ దేశంలో టికెట్టు వచ్చినట్టు చరిత్రలో లేదు. "మామగారు ఉప్పొంగిపోయారు సార్. మాట రావట్లేదు."

"వస్తోంది" అన్నారు ఉసుయిగారు.

"అదే సార్, వస్తూ వస్తూ ఆగిపోతోంది."

"పాపం!" అని మంత్రిగారు పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. తర్వాత కెమెరా వైపు తిరిగి, అక్కడికక్కడే 'ఆరని దీపం' పథకాన్ని ప్రారంభించారు. "రైతు దీపం ఆరదు! దొంగకి నిద్ర పట్టదు!"

మంత్రిగారు వెళ్లాక ఉసుయిగారు అల్లుణ్ణి కాలరు పట్టుకున్నంత దగ్గరగా వచ్చి నిలబడ్డారు. "ఏమిటోయ్ ఇది?"

"రెండు రోజులే మామయ్యా. టీవీలో వచ్చేదాకా. తర్వాత నేను చెప్పేస్తాగా."

టీవీలో వచ్చింది. అత్సుమి అంతా వెలిగిపోతుంటే హెలికాప్టర్ నుంచి తీసి చూపించారు. చాలా అందంగా ఉంది. ఎంత అందంగా ఉందంటే, మంత్రిగారు పథకాన్ని హిగన్ దాకా పొడిగించారు.

సంఘం అత్యవసర సమావేశం జరిగింది. వచ్చిన ప్రతి రైతుకీ, దీపం ఆరకపోతే పువ్వు రాదని తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అధ్యక్షుడు తకెవాకి గొంతు సవరించుకున్నాడు.

"మంత్రిగారి ఆలోచనలో లోతుంది. అంత లోతు మనకి అందాలంటే టైం పడుతుంది. ఈలోగా ఎవరైనా దీపాలు ఆర్పదలచుకుంటే నిరభ్యంతరంగా ఆర్పుకోవచ్చు. ఎవరు ముందు ఆర్పుతారో ఒక్కసారి చెయ్యెత్తండి."

చేతులన్నీ మోకాళ్ల మీదే ఉన్నాయి. ఊరంతా వెలుగుతుంటే ఒక్క షెడ్డు చీకటిగా ఉంటే, వాడికి దొంగలతో లాలూచీ ఉందనుకోరూ? అందరూ పక్కవాడు ఆర్పితే తామూ ఆర్పుదామని పక్క షెడ్డు వైపు చూశారు. పక్కవాడూ పక్కకే చూస్తున్నాడు. అంతటితో సమావేశం ఏకగ్రీవంగా ముగిసింది, అందరూ బార్లీ టీ తాగి వెళ్లిపోయారు. ఆ వారం నుంచి మంత్రిగారు దొంగ పువ్వుల్ని పట్టడానికి పెట్టిన, పసుపు జాకెట్లు వేసుకున్న టాస్క్‌ఫోర్స్ వాళ్లు సైకిళ్ల మీద తిరుగుతూ, వెలుగుతున్న షెడ్డుకల్లా సెల్యూట్ కొట్టారు. దాంతో ఉసుయిగారి చెయ్యి కూడా స్విచ్చిదాకా వెళ్లి వెనక్కొచ్చేసింది.

"ఏమండీ" అంది మోమోసే భార్య చిజురు, అన్నం వడ్డిస్తూ. "దీపాలు ఆర్పకపోతే పువ్వు రాదని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి మంత్రిగారితో చెప్పారా?"

"సందర్భం రాలేదు."

"పొద్దున్నుంచీ పొద్దుపోయేదాకా ఆయన పక్కనే ఉంటారుగా!"

"పక్కన ఉండటం వేరు, సందర్భం రావడం వేరు. నీకు రాజకీయాలు తెలీవు చిజురూ."

"నాకు మా నాన్న తెలుసు" అంది చిజురు. "క్యాబేజీ అంటే క్యాబేజీయే. మా అమ్మమ్మ పువ్వు పోయిందంటే ఈ ఇంట్లో మీకు పచ్చడి కూడా క్యాబేజీదే." అనేసి, ఎందుకో పుట్టింటి అరుగు గుర్తొచ్చి నవ్వింది. ఆ అరుగు మీద ఉసుయిగారి కొత్త మొక్క ఒకటి మట్టికుండీలో ఉంది. అదింకా పేరు పెట్టని మొక్క, హక్కులు రాయించని మొక్క, ప్రపంచం మొత్తమ్మీద అదొక్కటే. దానికి తన పేరు పెట్టాలని చిజురూ, కాదు తన పేరే పెట్టాలని ఆవిడ తల్లీ పోట్లాడుకుంటున్నారు.

ఇక రేవులో మంత్రిగారి పరాక్రమం చెప్పనలవి కాదు. సెప్టెంబరు మొదట్లో దక్షిణాది నుంచి వచ్చిన చామంతి పెట్టెలన్నిటినీ ఆపించేశారు. డీఎన్ఏ పరీక్షకి పంపారు. ఫలితం వచ్చిన రోజున మళ్లీ ప్రెస్‌మీట్.

"మనం పట్టుకున్న పువ్వు వేరే ఏదో కాదు. నూటికి నూరుపాళ్లూ అచ్చమైన 'అత్తగారి మౌనం'! ఇంత స్వచ్ఛమైన సరుకు మన దేశంలో కూడా దొరకదని శాస్త్రవేత్తలు అన్నారు!"

చప్పట్లు మోగాయి. పువ్వుల్ని రేవులోనే చల్లటి గిడ్డంగిలో పెట్టి, తలుపుకి సీలు వేసి, ఆ సీలుతో మంత్రిగారు ఫొటో దిగారు.

హిగన్ రానే వచ్చింది. అత్సుమిలో చామంతి మొక్కలు మనిషెత్తు పెరిగి, పచ్చగా, ఏపుగా, చూసేవాళ్లకి కళ్లు చల్లబడేట్టు ఉన్నాయి. ఒక్కదానికీ మొగ్గ లేదు. దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి గనక, పాపం, అవింకా ఎండాకాలమే నడుస్తోందని నమ్ముతున్నాయి. బజార్లో పువ్వు లేదు. టోక్యోలో ముసలమ్మలు పూలకొట్ల ముందు నిలబడి, "మా ఆయనకి ఏం మొహం చూపించను?" అని తిట్టడం మొదలెట్టారు. ముసలమ్మలు తప్పకుండా ఓటేస్తారు గనక మంత్రిగారికి వెంటనే వినబడింది.

"ఎందుకు పూయలేదు మోమోసే?"

సందర్భం వచ్చేసింది. "దీపాల వల్ల సార్."

"ఏ దీపాలు?"

"మన... ఆరని దీపాలు సార్. అవి వెలుగుతుంటే చామంతి పూయదు సార్."

మంత్రిగారు చాలాసేపు కిటికీలోంచి చూశారు. ఆయన మొహంలో ఏదో అర్థమైన వెలుగు కనిపించింది.

"అంటే" అన్నారు మంత్రిగారు నెమ్మదిగా, "దొంగలు మన దీపాల్ని కూడా పాడుచేశారన్న మాట!"

మోమోసే ఒక్క క్షణం ఆలోచించాడు. "విచారణ సంఘం వేయిద్దాం సార్" అన్నాడు.

"వేయించు. ఇంతకీ చట్టం ఏమంటోంది? హక్కుదారు ఒప్పుకుంటే బయటి పువ్వు దొంగ పువ్వు కాదు, అవునా?"

"అవును సార్."

"హక్కుదారు ఎవరు?"

మోమోసే సమాధానం చెప్పకుండానే అత్సుమి బండెక్కాడు.

ఉసుయిగారు అరుగు మీద కూర్చుని క్యాబేజీ విత్తనాల పొట్లం చూసుకుంటున్నారు. అల్లుడు ఒప్పందం కాగితం ముందు పెట్టి, కాళ్లు మడుచుకుని, నుదురు చాపకి ఆనించాడు. గిడ్డంగిలో ఉన్న పువ్వులన్నిటికీ ఆయన అనుమతి ఇచ్చేస్తే, అవి ఆ క్షణం నుంచీ చట్టబద్ధం. అటు దక్షిణదేశపు రైతు కూడా సంతోషంగా సంతకం పెట్టడానికి ఓడ దిగుతున్నాడు.

"నా పువ్వు దొంగిలించినవాడికి నేనే అనుమతి ఇవ్వాలా?"

"పువ్వు మీదే కదా మామయ్యా. డీఎన్ఏ కూడా అదే అంది."

"నా షెడ్డులో పువ్వు రాకుండా చేసింది ఎవరు?"

మోమోసే చాప మీంచి తల ఎత్తలేదు. పెద్దాయనకి అంతకంటే పెద్ద దిగులు ఒకటుంది. "ఉత్త చేతులతో మా అత్తగారి దగ్గరికి వెళ్లలేనోయ్. ఆవిడ బతికుండగానే వెళ్లలేకపోయేవాణ్ణి. సరే, ఇటివ్వు. కానీ ప్రతి కట్ట మీదా ఆవిడ పేరుండాలి." ఆయన సంతకానికి బదులు ఎర్రసిరా ముద్ర తీసి గట్టిగా నొక్కారు. "ఈ అరుగు మీది కుండీ కూడా పట్టుకొస్తా. పేరేం పెట్టాలో ఆవిణ్ణే అడుగుదాం."

అరుగు మీది మొక్క పూసింది. ఊరంతా వెలుగులో ఉంటే, దానికెవరూ దీపం పెట్టలేదు గనక చీకట్లో ఉండి, వేళకి మొగ్గేసి, లేత పసుపు రంగులో పకపకా నవ్వుతున్నట్టు విరిసింది. ఆ ఏడు అత్సుమి మొత్తమ్మీద పూసిన చామంతి అదొక్కటే.

హిగన్ నడిమి రోజున గుడి వెనక శ్మశానంలో సభ జరిగింది. సమాధుల మధ్య మడతకుర్చీలు వేశారు. పెద్దలందరి కోట్లకీ ఎర్ర రిబ్బను పువ్వులు గుచ్చారు. పొద్దున్నే కార్లో మంత్రిగారు మోమోసే భుజం తట్టి, "నీ టికెట్టు ఖాయం. ఇవాళ సభ సాఫీగా జరిగితే చాలు" అన్నారు. 'చూద్దాం' అనలేదు. మోమోసేకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "నేను చెప్పాను, చేశాను! ఈ రోజున మన దేశంలోకి అక్రమంగా వస్తున్న పువ్వు ఒక్కటీ లేదు! వస్తున్నవన్నీ సక్రమమే!"

చప్పట్లు. ఆయన ఓడలో వచ్చిన 'అత్తగారి మౌనం' కట్టని ఉసుయిగారి అత్తగారి సమాధి మీద ఉంచారు. కట్ట మీద పేరు ఉంది. ఉసుయిగారు మట్టికుండీ పొదివి పట్టుకుని, ఒక చేత్తో సమాధి మీద నీళ్లు పోసి, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నారు. పువ్వు ఎక్కడ పెరిగితేనేం, పేరు ఆవిడదే కదా అని ఆయన కాస్త తేలికపడ్డట్టే కనిపించారు.

అప్పుడు దక్షిణదేశపు రైతు ముందుకొచ్చాడు. ఎండకి నల్లబడ్డ మొహం, కొత్త కోటు. నేర్చుకున్న భాషలో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, మంత్రిగారి ముందు నడుం దాకా వంగాడు.

"అయ్యా, పదేళ్లుగా మీకోసం వెతుకుతున్నాను. మీరు మా కొండల మీదికి వచ్చి మా ఇంట్లో భోంచేశారు. వెళ్లేటప్పుడు, 'మా ఊరి కానుక, ఉంచుకో' అని ఒక తెల్లచామంతి కుండీ ఇచ్చారు. ఆ ఒక్క కుండీతో మా కొండంతా బతికింది. మీ మేలు మరిచిపోలేను."

శ్మశానం నిజంగా శ్మశానంలా అయిపోయింది. తకెవాకి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. విలేఖరులు మంత్రిగారి వైపు చూశారు.

"ఓహో, నువ్వా!" మంత్రిగారి మొహం వెయ్యి క్యాండిల్ బల్బులా వెలిగింది. "ఆ అధ్యయన యాత్ర! మీ ఆవిడ చేసిన చేపల పులుసు ఇప్పటికీ మరిచిపోలేదయ్యా! చూశారా, విలేఖరులారా, నేను ఉత్త చేతులతో ఎవరి గడపా తొక్కను! ఊరి కానుక లేకుండా వెళ్లడం మన సంస్కారం కాదు!"

రైతు సంచిలోంచి అనాసపండ్ల మిఠాయి పెట్టె తీసి రెండు చేతులా అందించాడు. మంత్రిగారు రెండు చేతులా అందుకున్నారు. అందుకున్నాక తిరిగి ఏదో ఒకటి ఇవ్వకపోతే మర్యాద కాదు. ఆయన చుట్టూ చూశారు. సమాధులు ఇవ్వడానికి వీల్లేదు. ఆయన చూపు ఉసుయిగారి చేతుల్లో పసుపుపచ్చగా నవ్వుతున్న మట్టికుండీ మీద ఆగింది.

"మోమోసే, అదిటు అందుకో."

మోమోసే మామగారి వైపు చూశాడు. మామగారు కుండీని గుండెకి ఇంకాస్త దగ్గరగా పట్టుకుని, అల్లుడి నోటి వైపే చూస్తున్నారు. జనంలోంచి చిజురు కూడా భర్త నోటి వైపే చూస్తోంది. కెమెరా తిరుగుతోంది. మోమోసే నోరు తెరిచాడు. గాలి పీల్చుకున్నాడు. నోరు మూసుకుని, చేతులు చాపి, మామగారి వేళ్లని ఒక్కొక్కటే సుతారంగా విడదీసి, కుండీ తీసుకొచ్చి మంత్రిగారికి అందించాడు.

"మా ఊరి కానుక, ఉంచుకో!" అన్నారు మంత్రిగారు. కెమెరాలు చకచకా మెరిశాయి.

రైతు పొంగిపోయి పువ్వుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఉసుయిగారు అలాగే నిలబడిపోయారు. తెల్లగా, నిటారుగా, కదలకుండా.

"చూశావా మోమోసే, మీ మామగారు ఉప్పొంగిపోయారు. పాపం, మాట రావట్లేదు."

"వస్తోంది" అన్నారు ఉసుయిగారు.

రైతు ఆయన వైపు తిరిగి వినయంగా వంగాడు. "పెద్దాయనా, చాలా బాగుంది. దీని పేరేమిటి?"

"మొన్నటిదాకా లేదు బాబూ. ఇప్పుడే దొరికింది" అన్నారు ఉసుయిగారు. "రాసుకో. 'అల్లుడి మౌనం'."